వంశవృక్షం సాఫ్ట్‌వేర్ కంపెనీలు మన మాట ఇంటయా, ఇనవా?

కాజీపేట జంక్షన్:
పైసలు కట్టి ఫ్యామిలీ ట్రీ సాఫ్ట్‌వేర్ ఒకటి వాడుతున్న, పేరు వద్దు తియ్. మా తాత సొంత అక్క బిడ్డనే చేసుకున్నడు, మన దిక్కు కొత్తేం కాదు గదా. ఇగ చార్ట్ తీస్తే మా ముత్తాత రెండు చోట్ల వస్తుండు, ఒకచోట తాతకు నాయిన, ఇంకో వరుస పైన నాయినమ్మకు తాత. గృహప్రవేశానికి ఫ్లెక్సీ కొట్టిస్తే చుట్టాలంతా "మీకు ముత్తాతలు ఇద్దరా" అని ఒకటే నవ్వుడు. రెండు డబ్బాలు కలిపే ఆప్షన్ ఇయ్యున్రి అని మెయిల్ పెట్టిన, మీ సూచన టీమ్‌కు పంపినం అని ఒక లైన్ వచ్చింది, గంతే, రెండేండ్లాయె. రెన్యువల్ మెయిల్ మాత్రం తారీఖు తప్పదు. ఇనయి అంటే ఇనయి.

హన్మకొండ చౌరస్తా:
గట్లనకు అన్నా. 2015 డిసెంబర్ల యాన్సెస్ట్రీ వాళ్ళు ఫ్యామిలీ ట్రీ మేకర్ అమ్ముడు బంద్ అని చెప్పంగనే ఏండ్ల సంది వాడుతున్నోళ్ళు లొల్లి లొల్లి చేసిన్రు, రెండు నెలలు తిరగకముందే 2016 ఫిబ్రవరిల సాఫ్ట్‌వేర్ మాక్‌కీవ్ అనే ఇంకో కంపెనీకి అప్పజెప్తున్నమని ప్రకటించిన్రు. గట్టిగ అడిగితే ఇంటరు. ఒక్క మెయిల్ పెట్టి కూసుంటే ఎట్ల?

కాజీపేట జంక్షన్:
ఆళ్ళు వేలమంది, కట్టేది డాలర్లు. మేనరికం గురించి మొత్తుకునేది మనమెంతమందిమి?

కరీంనగర్ కోడర్:
మేనరికం పక్కన పెట్టున్రి, అసలు పంచాయితీ జెడ్‌కామ్ ఫైల్‌ది, అంటే ఒక సాఫ్ట్‌వేర్ల నుంచి ఇంకోదాంట్లకు డేటా తీస్కపోయే ఫైల్. దాని 5.5.1 వెర్షన్ 1999ల రాసిన్రు, 2019 దాక డ్రాఫ్టే! యూటీఎఫ్-8, అంటే తెలుగసొంటి అన్ని భాషల అక్షరాలు దాచే పద్ధతి, తప్పనిసరి అయింది 2021ల వచ్చిన 7.0తోని. పాత ప్రోగ్రాంల నుంచి మా ఇంటోళ్ళ పేర్లు ఎక్స్‌పోర్ట్ చేస్తే మా అవ్వ పేరు ఉండాల్సిన కాడ ఆరు క్వశ్చన్ మార్కులు. నేనైతే గ్రాంప్స్‌కు మారిన, ఫ్రీ, వాలంటీర్లు చేసేది. గోత్రం మనమే కలుపుకోవచ్చు, ఊరికి తారీఖులు కూడ పెట్టొచ్చు, 2016 అక్టోబర్ 11 దాక మా ఊరు వరంగల్ జిల్లా, ఆ తర్వాత జనగామ, రెండూ ఉంటయి.

హన్మకొండ చౌరస్తా:
ఫ్రీ సరే, మా బాపుకు అది ఇన్‌స్టాల్ చేసిచ్చేదెవరు? కంపెనీదైతే ఫోన్ల నొక్కుకుంట కూసుంటడు, పాత ఫోటోలు ఎక్కిస్తడు. గది కూడ అవసరమే గదా తమ్మీ.

జనగామ పెద్దనాయిన:
మా చిన్నప్పుడు వంశరాజ్‌లు ఇంటి ముంగట నిలబడి గోత్రం, ఇంటిపేరు, తాతముత్తాతలను నోటికి చెప్పేటోళ్ళు. వడ్లు పెట్టేటోళ్ళం. ఎవరు ఎవరి అక్క బిడ్డనో కూడ తప్పుపోకపోయేది.

కాజీపేట జంక్షన్:
పెద్దనాయినా, ఆళ్ళకు రెన్యువల్ కూడ లేకుండె. నాది ఈ నెల 14కు ఉన్నది, కట్టాల్నా వద్దా?

కరీంనగర్ కోడర్:
ముందుగాల జెడ్‌కామ్ దించి వేరేదాంట్ల తెరువన్నా. ముత్తాత పేరు చదవొస్తే అప్పుడు మాట్లాడుదాం.