బ్రాండ్ న్యూ, లేటెస్ట్, స్టేట్ ఆఫ్ ది ఆర్ట్: ఏది ఎక్కడ వాడాలి?

ప్రశ్న: ల్యాబ్ పరికరాల కేటలాగ్ ఇంగ్లీషులో రాస్తున్నాం. కొత్తదనం చెప్పడానికి ఈ మూడూ, కటింగ్ ఎడ్జ్ కూడా, ఏది పడితే అది వాడేస్తున్నాం. తేడా చెప్పగలరా?

జవాబు 1: బ్రాండ్ న్యూ అంటే ఎవరూ వాడనిది, అంతేనండి. 2019 మోడల్ మైక్రోస్కోపు సీలు విప్పకుండా ఉంటే అదీ బ్రాండ్ న్యూయే, లేటెస్ట్ మాత్రం కాదు. రెండూ ఒకే వాక్యంలో రాస్తే కొనేవాళ్లు మోడల్ సంవత్సరం అడుగుతారు. ముందే రాసేయండి. ఇక్కడ బ్రాండ్ అంటే కంపెనీ పేరు కాదు, మండే కొరివి. కొలిమిలోంచి అప్పుడే తీసినట్టని భావం. షేక్‌స్పియర్ ఫైర్ న్యూ అనే రాశాడు.

జవాబు 2: స్టేట్ ఆఫ్ ది ఆర్ట్‌తో జాగ్రత్త. కేటలాగ్‌లో అది అత్యాధునికం. యూరోపియన్ పేటెంట్ ఒప్పందం 54వ అధికరణంలో అర్థం తలకిందులు: దరఖాస్తు తేదీకి ముందే బయటికి తెలిసిపోయినదంతా అదే! కేటలాగ్ వాక్యాన్ని పేటెంటు దరఖాస్తులోకి ఎత్తి రాయకండి, అక్కడ కావలసిన మాట నావెల్, అంటే ఇంతకు ముందు లేనిది. స్టేట్ ఆఫ్ ది ఆర్ట్ నామవాచకం ముందు వస్తే మాటల మధ్య హైఫన్లు పెట్టాలి.

జవాబు 3: కటింగ్ ఎడ్జ్ పరిశోధనకు బాగుంటుంది. రోజూ నడవాల్సిన ఆసుపత్రి యంత్రానికి నేనైతే వాడను, ఇంకా కుదురుకోలేదేమో అనిపిస్తుంది. న్యూఫాంగిల్డ్ అసలే వద్దు, అందులో చిన్నచూపు ఉంది.