28 మంది ఉన్న బడికి 10 వేలేనా?

ప్రశ్న: మా పాప మూడో తరగతి, మా ఊరి సర్కారు బడిలోనే. మొత్తం 28 మంది పిల్లలు. సమగ్ర శిక్ష అనే సర్కారు పథకం కింద ఏడాదికి బడి గ్రాంటు 10 వేలు. 30 దాటితే 25 వేలట. వాన పడితే బోర్డు మీదికి నీళ్లు కారతాయి, సుద్దముక్క గీయదు. పిల్లలు తక్కువని పైకప్పు రేకు ధర తగ్గదు కదా?

జవాబు: నేను ఇలాంటి బడిలోనే టీచర్‌నండీ. 60 మంది వరకు ఇద్దరు టీచర్లు అంటుంది విద్యాహక్కు చట్టం. ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఒక్కరి మీదే. అది చూసి పిల్లల్ని ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కిస్తారు. మాది నిరుడు 34, ఇప్పుడు 26. గ్రాంటూ పడిపోయింది.

జవాబు: విద్యాహక్కు చట్టం సెక్షన్ 22 చూడండి. బడి యాజమాన్య కమిటీ రాసే ప్రణాళికే గ్రాంట్లకు ఆధారం కావాలి. కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి. రేకు ఫొటో పెట్టి తీర్మానం రాయించండి.

అడిగినవారు: కమిటీలో నేనూ ఉన్నానండీ. ఇన్నాళ్లూ సంతకం పెట్టడమే. శనివారం మీటింగ్ పెట్టమని హెడ్‌మాస్టర్ గారిని అడుగుతాను.