సమస్యాపూరణం: ముసలివాడు నేడు పుట్టినాడు

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. మలివయసు ఘట్టాల్లో ఒకటి స్ఫురించాలి, పేరు చెప్పక్కర్లేదు. యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో ఒక అక్షరానికీ కుదరాల్సిన పొత్తు) గురించి టెన్షన్ వద్దు, 'ము'కు 'పు'తో మువిభక్తి యతి చెల్లుతుంది.

మొదటి పూరణ (నా దృష్టిలో షష్ఠిపూర్తి):

పుట్టినట్టి యేడు పూర్తిగా తిరిగొచ్చె
అరువదేండ్ల చక్ర మంతమయ్యె
పళ్ళు లేని నోట పసిబిడ్డ నవ్వుతో
ముసలివాడు నేడు పుట్టినాడు

నిర్వాహకుడు: మాస్టారూ, విరుపు బాగుంది. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 పేర్లూ తిరిగాకే పుట్టిన ఏటి పేరు మళ్ళీ వస్తుంది. 'తిరిగొచ్చె' మాత్రం చెవికి గుచ్చుకుంది, "పోయి మరలి వచ్చె" అనండి. అరవైకే పళ్ళన్నీ ఊడగొట్టడం నాకు నచ్చలేదు. మరొకటి, ఆ మాట 'షష్టిపూర్తి'. షష్టి అంటే అరవై, షష్ఠి అంటే ఆరవది. శుభలేఖల్లో కూడా ఈ తప్పు కనిపిస్తే బాధేస్తుంది.

మాస్టారు: సరిదిద్దుకుంటాను. మూడో పాదం ఇలా మార్చాను: "కపటమెరుగనట్టి కనులతో నవ్వుచు".

నిర్వాహకుడు: ఇప్పుడు నిండుగా ఉంది.

రెండో పూరణ:

వేయి పున్నములను వేడ్కతో చూచిన
తాత పేరు నిలుప తనయుడొకడు
ముడుత నుదుటితోడ ముద్దుగా కనుపించె
ముసలివాడు నేడు పుట్టినాడు

నిర్వాహకుడు: అమ్మా, మూడో పాదం దగ్గర ఆగిపోయాను. అప్పుడే పుట్టిన బిడ్డ నుదుటి మీద ఆ ముడుతలు, కళ్ళు చికిలించినప్పుడు ఇంకా దగ్గరపడి అచ్చం తాతయ్యే! సహస్ర చంద్ర దర్శనాన్ని (వెయ్యి పున్నములు చూసిన పెద్దలకు చేసే వేడుక) పసివాడి ముఖంలో చూపించారు.

ఒక సభ్యుడు: వెయ్యిని 12తో భాగిస్తే 83 ఏళ్ళ 4 నెలలు కదా? మా ఇంట్లో 81వ ఏటే చేశారు.

నిర్వాహకుడు: అధికమాసాలను వదిలేశారు. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29.53 రోజులు. వెయ్యికి 29,530 రోజులు, అంటే దాదాపు 80 ఏళ్ళ 10 నెలలు. మీ ఇంట్లో సరిగ్గానే చేశారు.

మూడో పూరణ:

పదవి వీడినాడు బడికి పోయెను తాత
పలక పట్టి కొత్త పాఠమొకటి
మనుమరాలి చెంత మరల నేర్వగ బూనె
ముసలివాడు నేడు పుట్టినాడు

నిర్వాహకుడు: 'నేర్వగ బూనె'లో సరళాదేశం ('పూనె' 'బూనె'గా మారడం) మరవలేదు, సంతోషం. పదవీ విరమణ అనే బరువైన మాటను రెండు చిన్న మాటల్లో దించేశారు. 'పాఠమొకటి' దగ్గర కాస్త పూరకం (పాదం నింపడానికే వేసిన మాట) వాసన ఉంది. ఆ పాఠమేమిటో చెప్పగలిగితే పద్యం ఇంకా పైకి లేస్తుంది, మళ్ళీ ప్రయత్నించండి.