ఆత్మకథలే ఎక్కువగా చదివే నాకు తరువాతి దారి చెప్పగలరా?

ప్రశ్న: గుంటూరు పాఠకుడు

అందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా నా చదువు దాదాపు పూర్తిగా ఆత్మకథల వైపే సాగుతోంది. ఇంట్లో నవలలకూ కథా సంపుటాలకూ కొదవ లేకపోయినా, రాత్రి భోజనం అయ్యాక నేను తీసుకునేది ఎవరో ఒకరు తమ జీవితాన్ని తామే చెప్పుకున్న పుస్తకాన్నే. గొప్పవారి గొప్పతనాన్ని తెలుసుకోవాలన్నది ఇందుకు కారణం కాదు. ఆ మనిషి చిన్నతనంలో ఎవరింట భోజనం చేసి చదువుకున్నాడు, పరీక్ష ఫీజు ఎవరు కట్టారు, ఏ ఊరికి పడవలో వెళ్లాడు, ఏ ఊరికి బండి కట్టించుకున్నాడు, జబ్బు చేస్తే ఏ మందు ఇచ్చారు అన్న సంగతులు నాకు కావాలి. చరిత్ర గ్రంథాలలో ఇవి అరుదుగా కనిపిస్తాయి, ఆత్మకథలలో మాత్రం రచయిత పెద్దగా పట్టించుకోకుండా చెప్పుకుంటూ పోయిన మాటల మధ్య దొరుకుతాయి.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’లో నా మనసుకు హత్తుకున్నది 1928లో ఆయన మద్రాసులో తుపాకులకు ఎదురు నిలిచిన ఘట్టం కన్నా, ఒంగోలులో ఆయన తల్లిగారు పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచిన భాగం. ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ ఆత్మకథ కాకపోయినా, దానినీ నేను అదే అరలో పెట్టుకున్నాను. మద్రాసు సుప్రీం కోర్టులో ఉద్యోగం చేసే ఆయన 1830 మే నెలలో పరివారంతో బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరే వరకు, దారి ఎలా ఉంది, నీటి వసతి ఉందా, బజారులో ఏ సరుకు దొరుకుతుంది అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయారు. వర్ణన కోసం ఎక్కడా ఆగని ఆ పుస్తకాన్ని నేను ఎన్నిసార్లయినా చదవగలను.

నేను నెమ్మదిగా చదువుతాను. ఒకటి ముగిస్తేనే మరొకటి మొదలుపెడతాను. పెన్సిలు లేకుండా కూర్చోను. వెనుక ఉన్న ఖాళీ పేజీలో ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, ధరలు, పేజీ సంఖ్యలతో సహా రాసుకుంటాను. గ్రంథాలయం నుంచి తెచ్చిన ప్రతి అయితే ఈ పనికి విడిగా ఒక నోటు పుస్తకం ఉంది.

ఇప్పుడు నా సందేహం. పుస్తకం పూర్తయ్యేసరికి ఆ మనిషి నాకు ఎంతో దగ్గరవుతున్నారు, కాని ఆ కాలం గురించి ఆయన చెప్పిన మాటే చివరి మాటగా మిగిలిపోతోంది. తన జీవితాన్ని తానే చెప్పుకునే మనిషి తన పక్షం కొంత గట్టిగా చెప్పుకోవడం సహజం. దానిని సరిచూసుకునే మార్గం నాకు తెలియడం లేదు. ఈ అభిరుచితోనే ఇంకా లోతుకు వెళ్లాలంటే ఏ వరుసలో చదవాలి? లేక కొంతకాలం దీనిని పక్కన పెట్టి నవలలకు మళ్లడం మంచిదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: రాజమహేంద్రవరం పాఠకుడు

మీ అభిరుచిని మార్చుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదండీ. వరుసను మాత్రం మార్చి చూడండి. రచయిత ప్రసిద్ధిని బట్టి కాక ఊరిని బట్టి చదవండి. ఒకే ఊళ్లో, కొంచెం అటూ ఇటూగా ఒకే కాలంలో మసలిన వారి ఆత్మకథలను వెంట వెంటనే చదివితే, ఒకరి మాటను మరొకరి మాట సరిచూస్తుంది. మీరు అడిగిన మార్గం అదే అనుకుంటాను.

మా ఊరినే ఉదాహరణగా తీసుకుంటాను. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘స్వీయచరిత్రము’, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి స్వీయచరిత్ర, మీరు చెప్పిన ప్రకాశంగారి ‘నా జీవిత యాత్ర’, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ – ఈ నాలుగింటిలోనూ రాజమహేంద్రవరం ఉంది. నాలుగూ చదివిన తరువాత, ఇక్కడే పుట్టి పెరిగిన నాకు కూడా, గోదావరి గట్టు మీద నడుస్తున్నప్పుడు ఊరు ఇదివరకటిలా కనిపించడం మానేసింది.

ప్రకాశంగారు ఒంగోలు నుంచి ఇక్కడికి రావడానికి కారణం ఆయన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. ఆ నాయుడుగారు నడిపిన నాటక సమాజానికి నాటకాలు రాసి ఇచ్చినవారు చిలకమర్తి. ఆ నాటకాలలో వేషాలు కట్టిన కుర్రవాళ్లలో ప్రకాశం ఒకరు. అంటే ఒకే నాటక సమాజాన్ని మీరు ఒక పుస్తకంలో రచయిత వైపు నుంచీ, మరొక పుస్తకంలో రంగు పూసుకున్న నటుడి వైపు నుంచీ చూడవచ్చు. ఆ తరువాత ముఖ్యమంత్రి పదవి దాకా వెళ్లిన మనిషి గురించి, ఆయనను పిల్లవాడిగా ఎరిగిన కవి ఏ కొలతతో మాట్లాడతారో గమనించండి.

కందుకూరివారి పుస్తకాన్ని మాత్రం తొందరపడకుండా చదవాలి. అది గ్రాంథిక భాషలో ఉన్నందువల్ల మొదటి పుటలు నెమ్మదిగా సాగుతాయి. గట్టిగా పైకి చదివితే వాక్యం పట్టుబడుతుంది. 1881 డిసెంబరు 11న జరిగిన మొదటి వితంతు వివాహం నాటి పరిస్థితులను ఆయన చెప్పిన తీరు చూస్తే, సంఘ సంస్కరణ అన్నది ఉపన్యాసాల సంగతి కాదనీ, వంటవాళ్లు రావడం మానేసిన ఇంట్లో మర్నాటి భోజనం ఎలా అన్న సంగతి అనీ తెలుస్తుంది. తగవులనూ వాదప్రతివాదాలనూ ఆయన ఒక్కటీ విడిచిపెట్టరు. మీరు అన్న ‘తన పక్షం’ ఇక్కడ చాలా గట్టిగా వినిపిస్తుంది. దీని వెంటనే చిలకమర్తివారిని తీసుకోండి. చిన్ననాటి నుంచీ చూపు సరిగా లేని ఆయనకు మాటలూ, మనుషుల తీరూ ఎంత బాగా గుర్తున్నాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వీరేశలింగం పంతులుగారిని ఎంతో గౌరవిస్తూనే ఆయనను సాటి మనిషిగా మన ముందు నిలబెడతారు.

శ్రీపాదవారిది వేరే దారి. వేదశాస్త్రాలు తప్ప మరొకటి చదువుగా లెక్కకు రాని కుటుంబంలో పుట్టి తెలుగు కథల వైపు మళ్లిన ఆయన, ఆ మళ్లడానికి ఇంట్లోనూ గురువుల దగ్గరా ఎంత చెల్లించుకోవలసి వచ్చిందో చెబుతారు. జీవితం మొత్తాన్ని చెప్పకుండానే ఆ పుస్తకం ఆగిపోయినా, తెలుగు వచనం ఎలా ఉండాలి అని ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపించేది దానినే.

నోటు పుస్తకం విషయంలో ఒక సూచన. పుస్తకానికొక పేజీ కాకుండా, సంఘటనకొక పేజీ, మనిషికొక పేజీ కేటాయించండి. నలుగురూ ఆ సంఘటన గురించి చెప్పినది ఒకే చోట చేరుతుంది. ఒకరు వివరంగా చెప్పి మరొకరు ప్రస్తావించకుండా వదిలిన చోట కూడా గుర్తు పెట్టుకోండి. నా వరకు ఆ ఖాళీలే ఎక్కువ ఆలోచింపజేశాయి.

జవాబు: ఖమ్మం పాఠకురాలు

పై సూచన బాగుంది, ఊరిని బట్టి చదవడం నాకూ నచ్చింది. అయితే అందులో ఉన్న నలుగురూ చదువుకున్న మగవాళ్లే, నలుగురూ ఒకే కులం నుంచి వచ్చినవాళ్లే. వాళ్లు ఒకరినొకరు ఎంత సరిచూసినా, నలుగురికీ కనిపించనిది కనిపించకుండానే ఉంటుంది. అందుకని ఊరితో పాటు విషయాన్ని కూడా పట్టుకుని జతలు కట్టమని నా మనవి.

కందుకూరివారి వెంటనే కొండపల్లి కోటేశ్వరమ్మగారి ‘నిర్జన వారధి’ చదవండి. కాలం వేరు, ప్రాంతం వేరు అని అనుకోకండి. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టిన ఆమెకు ఊహ తెలియని వయసులోనే పెళ్లి జరిగి, ఆ వయసులోనే వైధవ్యం కూడా వచ్చింది. తరువాత కమ్యూనిస్టు నాయకుడు కొండపల్లి సీతారామయ్యగారిని వివాహం చేసుకున్నారు. వితంతు వివాహాన్ని కందుకూరివారు జరిపించిన మనిషిగా చెప్పారు, కోటేశ్వరమ్మగారు చేసుకున్న మనిషిగా చెప్పారు. మొదటి పుస్తకంలో ఆ ఆడపిల్లలు ఏమనుకున్నారో మనకు ఎక్కడా సరిగా వినిపించదు. రెండవ పుస్తకంలో వినిపించేది ఆ గొంతే. ఆ తరువాతి జీవితం, అజ్ఞాతవాసం, భర్త విడిచిపెట్టడం, పిల్లలను పోగొట్టుకోవడం, కాకినాడలో హాస్టలులో ఉద్యోగం, ఇవన్నీ ఆమె ఎంత నిబ్బరంగా చెప్పారంటే, దుఃఖం గురించి రాయాలనుకునే ప్రతివారూ ఆ పుస్తకాన్ని చదవాలని నేను నమ్ముతాను. 2012లో అది వెలువడేనాటికి ఆమె వయసు తొంభై దాటింది.

ఇక రాయడానికి వీలు లేనివారి సంగతి. స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల సంఘం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పగా రాసుకున్న పుస్తకం. చాకలి ఐలమ్మగారి మాటలూ మల్లు స్వరాజ్యంగారి మాటలూ అందులో ఉన్నాయి. చాలా ఏళ్ల తరువాత స్వరాజ్యంగారి జీవితం ‘నా మాటే తుపాకీ తూటా’ అన్న పేరుతో విడిగా వచ్చింది. అదీ ఆమె చెప్పగా ఇతరులు అక్షరబద్ధం చేసినదే. ఒకే మనిషి నడివయసులో ఒకసారి, వృద్ధాప్యంలో మరొకసారి తన కథ చెప్పినప్పుడు ఏది నిలిచింది, ఏది జారిపోయింది అని చూడడానికి ఇంతకన్నా మంచి జత నాకు తెలియదు. మీరు ధరలూ తిండీ వెతుకుతారు కదా, దళంలో ఉన్నవాళ్లకు అన్నం ఎవరు వండారు, పసిబిడ్డలను ఎవరి దగ్గర వదిలారు అన్న ప్రశ్నలకు జవాబులు నాయకుల ఆత్మకథలలో కన్నా ఇక్కడ ఎక్కువ దొరుకుతాయి.

జవాబు: హనుమకొండ పాఠకుడు

నవలలకు మళ్లాలా అని అడిగారు కాబట్టి ఒక్క మాట. రెండింటిలో ఒకటి ఎంచుకోవలసిన పని లేదు. దాశరథి రంగాచార్యగారి ‘జీవనయానం’ చదివి, దాని పక్కనే ఆయన నవల ‘చిల్లర దేవుళ్లు’ పెట్టుకోండి. నిజాం పాలనలోని పల్లెనూ దొరల పెత్తనాన్నీ ఆయన ఆత్మకథలో తన అనుభవంగానూ, నవలలో పాత్రల జీవితంగానూ చెప్పారు. తన పేరుతో చెప్పడానికి వీలుపడని దానికి రచయిత నవలలో చోటు ఇచ్చుకుంటాడని నా అభిప్రాయం. పాత ముద్రణలు దొరకకపోతే తెలుగు వికీసోర్స్‌లో వెతకండి; కాపీరైటు కాలం చెల్లిన ఆత్మకథలు కొన్ని అక్కడ అక్షరాలుగా టైపు చేసి ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారి స్పందన: గుంటూరు పాఠకుడు

ముగ్గురికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. చిలకమర్తివారినీ ప్రకాశంగారినీ పక్క పక్కన పెట్టుకుని నాటక సమాజం భాగాలతోనే మొదలుపెడతాను. సంఘటనకొక పేజీ అన్న పద్ధతికి కొత్త నోటు పుస్తకం తీసుకున్నాను. ‘నిర్జన వారధి’ని కందుకూరివారి పక్కన చదవడం అన్న ఆలోచన నాకు ఎన్నటికీ తట్టేది కాదు, అందుకు ఖమ్మం పాఠకురాలిగారికి ప్రత్యేకంగా ఋణపడి ఉంటాను.

మరొక్క సహాయం కోరుతున్నాను. అనంతపురం సీమలో పుట్టి, హంపీ పరిసరాలలో తిరిగి, లాహోరులో తాళపత్రాల మధ్య పనిచేసిన తిరుమల రామచంద్రగారి ‘హంపీ నుంచి హరప్పా దాక’ నాకు అత్యంత ఇష్టమైన పుస్తకాలలో ఒకటి. మీరు చెప్పిన పద్ధతిలో దానికి జత కావలసిన పుస్తకం మాత్రం నాకు ఇంకా దొరకలేదు. ఆ కాలంలోనే అనంతపురం, బళ్లారి ప్రాంతాలలో పెరిగినవారు, వీలైతే స్త్రీలు, రాసిన లేదా చెప్పిన జీవిత కథలు ఏవైనా ఉంటే, చిన్న పుస్తకమైనా సరే, దయచేసి తెలియజేయండి. అచ్చులో లేకపోయినా ఫరవాలేదు, ఏ గ్రంథాలయంలో ఉందో చెబితే అక్కడికే వెళ్లి చదువుకుంటాను.