మిద్దె మీది సోలార్ ప్యానెళ్లు డబ్బిచ్చి కడిగించాలా, వానకు వదిలేయాలా?

హొరమావు మిద్దె:
బెంగళూరు హొరమావులో మా సొంత ఇల్లు. మిద్దె మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాం, ఇది రెండో వేసవి. సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల రాయితీ వచ్చింది, అక్కడిదాకా సంతోషమే. ఇప్పుడు బిగించినవాళ్లు నెలకు 600 చొప్పున శుభ్రం చేసే ఒప్పందం రాసుకోమంటున్నారు, లేకపోతే ఉత్పత్తి పడిపోతుందని భయపెడుతున్నారు. మా బావగారేమో "అద్దం మీద దుమ్మును వాన కడగదా? దానికి కూలి ఎందుకు?" అంటున్నారు. ఎదురుగా అపార్ట్‌మెంటు కడుతున్నారు, సిమెంటు దుమ్ము రోజూ వచ్చి పడుతోంది. పావురాల సంగతి సరేసరి. అనుభవం ఉన్నవారు చెప్పండి.

లెక్కల మనిషి:
మీ బావగారి మాటే నా మాట. కాకపోతే ఆయన నోటితో అన్నది నేను లెక్కతో చెబుతాను. మన ఊళ్లో కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయనుకుంటే మీకు 12. అందులో 7 శాతం దుమ్ము తిన్నదనుకోండి, రోజుకు ఒక యూనిట్ కూడా కాదు. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా నెలకు 150. ఆ 150 కాపాడుకోవడానికి 600 ఇస్తారా?

ఆ 7 నా ఊహ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 145 రోజులు వాన లేకుండా ఉన్న ప్యానెళ్ల సామర్థ్యం సగటున 7.4 శాతం తగ్గింది. ఇళ్లవాళ్లు డబ్బు పెట్టి కడిగించుకుంటే గిట్టదని తేల్చారు. గూగుల్ సంస్థ మౌంటెన్ వ్యూలోని తన ప్యానెళ్లను పరిశీలించినప్పుడు కూడా, వాలుగా ఉన్నవాటికి వానే సరిపోయింది.

ఎర్రమట్టి:
గూగుల్ కథలో మీకు కావలసిన సగమే చెప్పారు. అదే ప్రాంగణంలో కార్లు నిలిపే చోట, పైకప్పు మీద బల్లపరుపుగా పరిచిన ప్యానెళ్లు ఉన్నాయి. 15 నెలల తరవాత వాటిని కడిగితే ఉత్పత్తి ఏకంగా రెట్టింపయింది. ఆ ముక్క ఎందుకు మింగేశారు?

పైగా కాలిఫోర్నియా గాలితో హొరమావు గాలిని కొలుస్తారా? మన దేశంలోనే చూసిన లెక్క ఉంది. గుజరాత్‌లోని గాంధీనగర్ ఐఐటీలో ఉన్న ప్యానెళ్ల మీద అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి చేసిన పరిశోధన 2017లో వచ్చింది. అక్కడ కొన్ని వారాలు వదిలేసి కడిగిన ప్రతిసారీ సామర్థ్యం 50 శాతం దాకా పెరిగింది. అందులో నాకు ఇంకా ముఖ్యంగా తోచింది వేరే విషయం. ప్యానెళ్ల మీద పేరుకున్నదాంట్లో నూటికి 90కి పైగా మామూలు దుమ్మే. మిగిలిన కొద్దిపాటి పొగ, మసి కణాలు మాత్రం తమ బరువుకు మించి వెలుతురును అడ్డుకుంటాయి, సన్నగా ఉండి జిగటగా అంటుకుంటాయి, తొందరగా వదలవు. వాహనాలతో కిక్కిరిసే మన సిల్క్‌బోర్డు కూడలి దగ్గర ఒక సాయంత్రం నిలబడినవారికి ఆ మసి గురించి నేను చెప్పనక్కరలేదు.

లెక్కల మనిషి:
గాంధీనగర్ ఎడారి గాలి తగిలే ఊరు, నెలల తరబడి చినుకు ఉండదు. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లోనే మామిడి జల్లులు పడతాయి, అక్కడి నుంచి అక్టోబరు దాకా ఏదో ఒక వాన ఉంటుంది. ఇక్కడ కరవు నెలలంటే జనవరి, ఫిబ్రవరి, మార్చి. ఆ మూడు నెలల కోసం పన్నెండు నెలల ఒప్పందమా?

ఇన్వర్టర్ పక్కింటాయన:
మీరిద్దరూ సగటు శాతాల దగ్గరే కొట్టుకుంటున్నారు. నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను: ప్యానెల్ అంతా సమానంగా పరుచుకున్న దుమ్ము పెద్ద శత్రువు కాదు. అది వెలుతురు కాస్త తగ్గిస్తుంది, అంతే. అసలు నష్టం ఒకచోట గుట్టగా పడ్డ మురికితో.

ప్యానెల్‌లోని సెల్‌లు, అంటే వెలుతురును కరెంటుగా మార్చే చిన్న పలకలు, ఒకదాని వెనుక ఒకటి, వరుసగా కలిపి ఉంటాయి. ఒక్క సెల్ మీద పావురం రెట్ట మందంగా పడితే ఆ వరుస మొత్తానికి కరెంటు అక్కడే బిగుసుకుంటుంది. అందుకే మామూలుగా ప్రతి ప్యానెల్‌ను మూడు భాగాలు చేసి, భాగానికి ఒకటి చొప్పున బైపాస్ డయోడ్లు పెడతారు, అవి చెడ్డ భాగాన్ని దాటవేసి మిగతాదాన్ని నడిపిస్తాయి. అంటే అరచేయంత రెట్టకు ప్యానెల్‌లో మూడో వంతు పోవచ్చు. ఇతర సెల్‌లు తోసే కరెంటు ఆ కప్పబడ్డ సెల్‌లో వేడిగా మారుతుంది. నెలల తరబడి అలాగే వదిలేస్తే అక్కడ మాడిన మచ్చ పడుతుంది. ఆ నష్టం కడిగితే పోయేది కాదు.

రెండోది కింది అంచు. మనం 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం కాబట్టి ప్యానెళ్లను దక్షిణానికి తిప్పి దాదాపు అంతే వాలు పెడతారు, కొందరు ఇంకా తక్కువ పెట్టి చేతులు దులుపుకుంటారు. వాలు తక్కువైతే చిన్న జల్లుకు దుమ్మంతా జారి కింది ఫ్రేము గట్టు దగ్గర ఆగి, ఎండకు బురద పట్టీగా గట్టిపడుతుంది. పొడుగు వైపు పైకి ఉండేలా నిలువుగా బిగించిన పాత రకం ప్యానెల్ అయితే ఆ పట్టీ మూడు భాగాలనూ ఒకేసారి పట్టుకుంటుంది. సెల్‌ను సగానికి కోసి చేసే కొత్త రకంలో పై సగం బతికిపోతుంది. అడ్డంగా బిగిస్తే ఒక భాగానికే దెబ్బ. కాబట్టి వాన కడుగుతుందా అని అడిగేముందు మీ ప్యానెల్ వాలు ఎంత, ఏ రకం, ఎలా బిగించారో చూడండి. జోరువాన కడుగుతుంది, నిజమే. చిరుజల్లు మురికిని ఒకచోటికి చేరుస్తుంది.

లెక్కల మనిషి:
ఇది ఒప్పుకోదగ్గ మాట. రెట్టకు, కింది అంచుకు మినహాయింపు ఇస్తాను. కానీ అది చూసి తుడుచుకునే పని, నెలవారీ ఒప్పందం పని కాదు.

మిద్దెతోట:
ఎవరూ నీళ్ల గురించి మాట్లాడరేమిటి? మా వీధిలో ఒకాయన బోరు నీళ్లతో, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు పైపు పెట్టి కడిగిస్తాడు. ఆ ఉప్పునీళ్లు ఆరిపోయి అద్దం మీద తెల్లటి పొర కడుతోంది. దుమ్మును గాలివానైనా తీసుకుపోతుంది, ఈ సున్నపు పొరను ఏ వానా తీయలేదు. కడగకపోవడం కంటే ఇది అన్యాయం. ఇక మధ్యాహ్నం ప్యానెల్ 60 డిగ్రీలు దాటి కాలుతూ ఉంటుంది, దాని మీద చన్నీళ్లు గుమ్మరిస్తే అద్దానికి మంచిది కాదు. తెల్లవారుజామున, లేదా పొద్దు గూకాక.

కావేరి నీళ్లు వాడదామంటే, 2024 మార్చిలో కార్లు కడగడానికి, తోటలకు తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిన ఊరు ఇది. నేను పట్టి ఉంచిన వాననీళ్లు వాడతాను, రెండు బకెట్లు సరిపోతాయి. మెత్తటి తుడుపు కర్ర, పొడుగు పిడి. సబ్బు వద్దు, పీచు అసలే వద్దు, అద్దం మీది పూత గీకుకుపోతుంది. కారిన నీళ్లు కింద కుండీలకు పోతాయి. కొచ్చి విమానాశ్రయం వాళ్లు ప్యానెళ్లు కడిగిన నీళ్లతోనే వాటి కింద కూరగాయలు పండిస్తున్నారు, మనకు నాలుగు వంగ మొక్కలు లెక్కా?

ఎర్రమట్టి:
నీళ్లు లేకపోతే పొడిగా తుడవచ్చు. తమిళనాడులోని కముదిలో 648 మెగావాట్ల కేంద్రాన్ని రోబోలు రోజూ శుభ్రం చేస్తాయి. అంత పెద్ద సంస్థ ఊరికే ఖర్చు పెడుతుందా?

లెక్కల మనిషి:
వాళ్లకు ఒక శాతం అంటే 6 మెగావాట్లకు పైన. ఈయనకు ఒక శాతం అంటే 30 వాట్లు. మీరు ఆ రెంటికీ ఒకే రోబోను పంపిస్తున్నారు.

ఎర్రమట్టి:
అంగారకుడి మీద నాసా ఇన్‌సైట్ ల్యాండర్ ఎలా ఆగిపోయిందో తెలుసా? ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుని, 2022 డిసెంబరులో.

లెక్కల మనిషి:
తెలుసు. అదే అంగారకుడి మీద 2005లో స్పిరిట్ రోవర్ ప్యానెళ్లను గాలే ఊడ్చిపెట్టిందనీ తెలుసు. అది డబ్బులు అడగలేదు.

నిర్వాహకుడు:
ఇద్దరూ హొరమావుకు తిరిగి రావాలని మనవి.

ఎత్తు మెట్టు:
ఇంకో సంగతి. ఈ మధ్య చాలామంది కింద బట్టలు ఆరవేసుకోవచ్చని ఎనిమిది అడుగుల ఎత్తు స్టాండు మీద ప్యానెళ్లు పెట్టిస్తున్నారు. వాటిని కడగడానికి నిచ్చెన వేసి, ఫ్రేము మీద కాలు పెట్టి ఎక్కేవాళ్లను చూశాను. పైకి పగులు కనిపించకపోయినా లోపల సెల్ చిట్లుతుంది. మనిషి జారితే పిట్టగోడ ఆపదు. పగలంతా తీగల్లో వందల వోల్టుల డీసీ కరెంటు ఉంటుంది, దాన్ని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను కట్టేసినా ప్యానెల్ వైపు అది పోదు. తొడుగు చిరిగిన తీగ, తడిసిన చేయి, ఇక ఆలోచించండి. మీ స్టాండు ఎత్తుగా ఉంటే 600 దండగ అనను, పనివాడు నడుముకు తాడు కట్టుకుంటాడో లేదో ముందు అడుగుతాను.

హొరమావు మిద్దె:
అందరికీ ధన్యవాదాలు. పొద్దున వెళ్లి చూశాను. స్టాండు నడుమెత్తే. వాలు మాత్రం చాలా తక్కువ, ప్యానెళ్లు నిలువుగా ఉన్నాయి, కింది అంచున బూడిదరంగు పట్టీ గట్టిగానే ఉంది. రెట్టలు రెండు ప్యానెళ్ల మీద. ఏ రకమో వెనుక చీటీ చదివితే అర్థం కాలేదు. ఇది 7 శాతమా, 20 శాతమా ఎలా తెలుస్తుంది?

ఇన్వర్టర్ పక్కింటాయన:
చీటీ అక్కరలేదు, ముందునుంచి చూడండి. మధ్యలో అడ్డంగా ఒక వెడల్పాటి ఖాళీ గీత ఉంటే సగం సెల్‌ల రకం. నష్టం తెలుసుకోవడానికి పరికరాలు కూడా అక్కరలేదు. మబ్బు లేని రోజు చూసుకుని ఇన్వర్టర్ ఫోను యాప్‌లో ఆ రోజు యూనిట్లు రాసుకోండి. ఆ సాయంత్రమే మీరే తుడవండి, మర్నాడూ అలాంటి ఎండే ఉంటే ఆ అంకె పక్కన పెట్టి చూడండి. రెండు రోజులూ ఒకే వేడి ఉండేలా చూసుకోండి, ఎందుకంటే ప్యానెల్ డిగ్రీ వేడెక్కినకొద్దీ 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది, ఆ తేడాను దుమ్ము ఖాతాలో వేయకూడదు.

లెక్కల మనిషి:
తేడా రోజుకు మూడు యూనిట్లు దాటితే ఒప్పందం గురించి నేను నోరెత్తను. అప్పుడు కూడా జనవరి నుంచి మే దాకానే రాయించుకోండి, ఏ నీళ్లు వాడతారో కాగితం మీద పెట్టించండి.

ఎర్రమట్టి:
ఎదురు అపార్ట్‌మెంటు పూర్తయ్యేదాకా అని కూడా రాయించండి. పావురాలకు వల వేరే.