అప్‌డేట్: చెవుల వెనక దురదకు కారణం దొరికింది

రెండు నెలల క్రితం అడిగాను, గుర్తుందా? చెవుల వెనక చర్మం ఎర్రబడి, పొట్టు లేస్తూ, రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద పెడుతోందని. చుండ్రేమో, షాంపూ మార్చమని చాలామంది చెప్పారు. మార్చాను, తేడా రాలేదు.

చివరికి స్కిన్ డాక్టర్‌ దగ్గరికి వెళ్తే ఆవిడ ప్యాచ్ టెస్ట్ చేశారు, అంటే చర్మానికి ఏది పడట్లేదో కనిపెట్టే పరీక్ష. రకరకాల పదార్థాలు పెట్టిన చిన్న పట్టీలు వీపు మీద అంటించి 48 గంటల తర్వాత తీశారు, ఇంకో రెండు రోజులకు మళ్లీ చూశారు. నికెల్ అనే లోహం పెట్టిన చోట ఎర్రగా పొంగి దద్దురు వచ్చింది. దుద్దులు ఎప్పుడో మానేశాను కాబట్టి లోహం మీద నాకు అనుమానమే రాలేదు. తీరా చూస్తే కళ్లజోడు! చెవి మీద ఆనే చోట ప్లాస్టిక్ తొడుగు అరిగిపోయి, లోపలి లోహం రోజంతా చర్మానికి రాసుకుంటోంది. చెమట తగిలితే నికెల్ ఇంకా ఎక్కువగా బయటికొస్తుందట.

పూర్తి ప్లాస్టిక్ ఫ్రేమ్ తీసుకున్నాను. తక్కువ మోతాదు స్టెరాయిడ్ క్రీమ్ ఒక్క వారమే రాయమన్నారు, ఆ తర్వాత వాసన లేని పెట్రోలియం జెల్లీ. మూడో వారానికి చర్మం మామూలైంది. హాయిగా నిద్రపోతున్నాను.

ఈ నికెల్ అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుందట, అది విని కాస్త బాధేసింది. దురద ఆగక నేను చెవి లోపల ఇయర్‌బడ్స్ కూడా తిప్పేదాన్ని. అది వెంటనే మానేయమని గట్టిగా చెప్పారు, గులిమి చెవికి రక్షణేనట.

ప్యాచ్ టెస్ట్ గురించి అడగమన్న వాళ్లకు నా మనస్ఫూర్తి కృతజ్ఞతలు.