బండికి ఎండలకు చల్ల స్పార్క్ ప్లగ్గా, ఇరిడియమా, ఉన్నదే మంచిదా?

నల్లగొండ_100సీసీ:
కార్బురేటర్ (గాలి, పెట్రోల్ కలిపేది) ఉన్న బండి, రెండు పాల క్యాన్లతోని పొద్దుమాపు ఊర్లల్ల తిరిగేది. మాన్యువల్‌ల ప్లగ్గు సీపీఆర్8ఈఏ-9 అని ఉన్నది (నడిమి 8 వేడి నంబర్, చివరి 9 గ్యాప్‌ది). కొత్తది ఏసినా నెల తిరగకముందే నల్లగ మసి పట్టి మిస్సింగ్ కొడుతున్నది. ఒక షాపాయన ‘ఎండలు ముదిరినయ్, 9 నంబర్ ఎయ్యి, ఇంజన్ చల్లగుంటది’ అంటడు. ఇంకొకాయన ఇరిడియం లోహపు సన్న కొన ఉన్న ప్లగ్గు అంటడు. ఏది ఎయ్యాలె?

పాలమూరు_పానా:
9 ఏస్తే మసి ఇంకింత పడతది అన్నా. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గులల్ల నంబర్ పెరిగితే చల్ల ప్లగ్గు. లోపటి పింగాణీ ముక్కు పొట్టిగుంటది, వేడి ఇంజన్ పైభాగానికి, అంటే హెడ్డుకు, జల్ది దిగిపోతది. మసి దానంతటదే కాలాలంటే ఆ ముక్కు 450-500 డిగ్రీలన్న ఎక్కాలె. గడపగడపకు ఆగుకుంట పోయే పాలబండికి 8తోనే అంత వేడి ఎక్కుతలేదు, 9తోని ఎట్ల ఎక్కుతది?

దేవరకొండ_రైడర్:
అట్ల తీసిపారెయ్యకు. మే నెలల ఇద్దరు మనుషులు, వెనక బస్తా, మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కే బండి సంగతేంది? ప్లగ్గు కొన ఎర్రగ కాలితే స్పార్కు రాకముందే పెట్రోల్ అంటుకుంటది, పిస్టన్‌కు బొక్క పడతది. నంబర్ చల్లగుంటే నష్టమేంది?

పాలమూరు_పానా:
కొన 800 డిగ్రీలు దాటినంక వచ్చే బాధ అది. ఒక్క నంబర్ మారిస్తే కొన వేడి 70 నుంచి 100 డిగ్రీల దాక మారుతది. చలికాలానికీ మే నెలకూ గాలి వేడిల తేడా 20-25 డిగ్రీలే. పైగా ఎండకు గాలి పలచనైతది, కార్బురేటర్ ఆ సంగతి పట్టించుకోదు, పెట్రోల్ పాళ్లు ఎక్కువైతయ్. అంటే ఎండాకాలం మసి ఇంకా ఎక్కువ. రోజూ ఘాట్ ఎక్కే బండైతే, ప్లగ్గు తీసినప్పుడు పింగాణీ తెల్లగ పొక్కినట్టు ఉంటే అప్పుడు 9 మాట మాట్లాడుదాం. అప్పుడు గూడ ముందు మిక్చర్ల పెట్రోల్ తగ్గి పలచనైందేమో చూడాలె.

మిర్యాలగూడ_స్పేర్స్:
నంబర్ మార్చొద్దు, ఒప్పుకుంట. ఇంకో మాట: బాష్, ఛాంపియన్ ప్లగ్గులల్ల లెక్క ఉల్టా, నంబర్ పెరిగితే వేడి ప్లగ్గు. కంపెనీ మారిస్తే నంబర్ చూసి కాదు, ఏ కంపెనీ నంబర్‌కు ఏది జోడీయో చూపే పట్టీ చూసి తీసుకోండ్రి. నేనైతే ఇరిడియమే అంట. మామూలు దాంట్ల నడిమి కడ్డీ రెండున్నర మిల్లీమీటర్ల మందం, ఇరిడియంది 0.6. సన్నగుంటే తక్కువ వోల్టేజీకే నిప్పు దుంకుతది, మసి కొంచెమున్నా స్పార్కు దొరుకుతది. అదే నంబర్‌ల సీపీఆర్8ఈఏఐఎక్స్-9 ఉన్నది.

పాలమూరు_పానా:
దుంకుతది నిజమే, మసి ఆగదు గద! నాలుగైదు రెట్లు ధర పెట్టి రోగాన్ని దాచుడే. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలె, మన మట్టిరోడ్లకు అది జల్ది మూసుకుపోతది, గాలి తగ్గి పెట్రోల్ పాళ్లు ఎక్కువైతయ్. చోక్ తీగ పూర్తిగ వెనక్కి వస్తుందా చూడు. మసి పొడిగ ఉంటే మిక్చర్ల పెట్రోల్ ఎక్కువైనట్టు. తడిగ, జిడ్డుగ ఉంటే ఆయిల్ పైకెక్కుతున్నది. అప్పుడు రింగులో వాల్వ్ సీళ్లో పోయినట్టే, ఏ ప్లగ్గు ఏసినా దండుగ. ఇంకోటి, బజార్ల ఆగుకుంట వచ్చి రంగు చూడొద్దు. ఐదారు కిలోమీటర్లు మంచి స్పీడ్ల పోయి, క్లచ్ పట్టి, అక్కడికక్కడే బంద్ చేసి, చల్లారినంక తీసి చూడు. ఇటుక గోధుమ రంగుంటే బాగున్నట్టు.

దేవరకొండ_రైడర్:
సరే, 9 మాట వాపస్. గని ఇరిడియంల నేను మిర్యాలగూడ అన్న దిక్కే. బండి సాఫ్‌గ ఉంటే అది చానా రోజులు వస్తది, మాటిమాటికి హెడ్డు మరలు కదిలించే పని లేదు.

మిర్యాలగూడ_స్పేర్స్:
మరలంటే యాదికొచ్చింది. 10 మిల్లీమీటర్ల మర, అల్యూమినియం హెడ్డు. చుట్టూ దుమ్ము ఊది, ఇంజన్ పూర్తిగ చల్లారినంకనే 16 నంబర్ ప్లగ్ పానా పెట్టు. కొత్తది ముందు వేళ్లతోనే ఎక్కియ్యాలె, అడ్డం పడితే వాపస్ తియ్యి. వాషర్ ఆనినంక పానాతోని అర చుట్టు, చాలు. పాతదే మళ్ల ఏస్తే వాషర్ అప్పటికే నలిగి ఉంటది, చుట్టుల పన్నెండో వంతు తిప్పితే చాలు. రెండు కడ్డీల నడిమి గ్యాప్ 0.8-0.9 మిల్లీమీటర్లు. ఇరిడియంకు ఇనుప బ్రష్షు, సాండ్ పేపర్ పెట్టొద్దు, కొన ఇరుగుతది. డూప్లికేట్లు గూడ మస్తున్నయ్: వాషర్ చేత్తోనే ఊడొచ్చినా, పక్క కడ్డీ నడిమికి సూటిగ లేకున్నా కొనకు.

నల్లగొండ_100సీసీ:
ఫిల్టర్ తీసి దులిపితే ఎర్రమట్టి కుప్ప పడ్డది. మసి పొడిగనే ఉన్నది. కొత్త ఫిల్టర్, మామూలు 8 ఏస్తున్న.

పాలమూరు_పానా:
ప్లగ్గు మీది క్యాప్ గూడ ఇప్పి చూడు. వైరు కొన ఆకుపచ్చగ చిలుము పట్టి ఉంటే అర సెంటీమీటర్ కోసి మళ్ల మర తిప్పు.